ఊపిరికీ ఓ లెక్కుంది!

గ్యాస్ లీకైన రోజు ఊరంతా ఉలిక్కిపడుతుంది. నాయకులు, అధికారులు, కెమెరాలు.. అంతా అక్కడే ఉంటారు. మరి ఏ లీకూ లేని రోజున, ఏ సైరనూ మోగని రోజున మనం పీల్చిన గాలి సంగతేంటి? ఏడాదిలో దాదాపు అన్నీ అలాంటి రోజులే కదా! ఆ మామూలు రోజుల లెక్క చూద్దామని విశాఖపట్నం గాలి చరిత్రను తిరగేస్తే తేలిన సంగతులివి..

విశాఖ పాతనగరంలో కిటికీ చువ్వ మీద వేలితో ఒక్కసారి రాసి చూడండి. వేలు నల్లబడితే బొగ్గుపొడి. ఎర్రబడితే ఇనుప ఖనిజం. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్‌టౌన్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు ఈ తేడాను చూడగానే చెప్పేస్తారు. ఉతికి ఆరేసిన తెల్లబట్టలు, డాబా మీద పెట్టిన వడియాలు, అరుగు మీద నిలిపిన స్కూటర్ సీటు.. అన్నీ అక్కడ దుమ్ము కొలిచే పరికరాలే!

నిజానికి కంటికి కనపడే దుమ్ము కొంత నయం. గుడ్డతో తుడుచుకోవచ్చు. పెద్ద రేణువులను ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి కూడా. చిక్కంతా కనపడనిదానితోనే. మన తల వెంట్రుక మందాన్ని ఏడు భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉండే రేణువులు, అంతకన్నా చిన్నవి కలిపి ‘పీఎం 10’. అందులోనూ నాలుగో వంతుకు మించనివి ‘పీఎం 2.5’. ఈ రెండో రకం ఊపిరితిత్తుల అట్టడుగున ఉండే గాలిగదుల దాకా వెళ్లిపోతాయి. వాటిలో మరీ సన్ననివి రక్తంలోకీ చేరతాయి. ఉబ్బసం, గుండెపోటు, పక్షవాతం.. వీటన్నిటికీ ఈ సన్న ధూళితో లంకె ఉందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లో బయటిగాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే!

మనిషి రోజుకు సుమారు 20 వేల సార్లు ఊపిరి తీస్తాడు. అన్నం, నీళ్లు బాగాలేకపోతే పక్కన పెట్టొచ్చు. గాలిని అలా పక్కన పెట్టలేం.

గిన్నెలో పట్నం

విశాఖ గాలి కథ కొండల దగ్గర మొదలవుతుంది. దక్షిణాన యారాడ కొండల వరస. దాని చివర సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్. ఉత్తరాన కైలాసగిరి వైపు కొండలు. తూర్పున బంగాళాఖాతం. మధ్యలో పల్లంగా ఉన్న నేలలో ఓడరేవు, పాతనగరం, పరిశ్రమలు. పర్యావరణ శాస్త్రవేత్తలు దీన్ని ముద్దుగా ‘గిన్నె ప్రాంతం’ అంటారు.

గిన్నెలో పోసింది గిన్నెలోనే ఉంటుంది. గాలి విషయంలోనూ అంతే. పగటిపూట సముద్రం మీంచి గాలి నేల వైపు వీస్తుంది. రేవులో రేగిన ధూళిని మోసుకుంటూ ఇళ్ల మీదికి తెస్తుంది. రాత్రి దిశ మారుతుంది. అయితే చలికాలం రాత్రుల్లో పెద్ద చిక్కొచ్చి పడుతుంది. మామూలుగా నేలకు దగ్గరగా ఉన్న గాలి వెచ్చగా ఉండి పైకి లేస్తుంది. దాంతోపాటే పొగా పోతుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడటంతో కింద చల్లగాలి, దాని మీద వెచ్చగాలి నిలుస్తాయి. అంటే గిన్నె మీద మూత పడ్డట్టే! తెల్లారి ఎండ ముదిరేదాకా ఆ మూత తీయదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో రోడ్డు మీద కనిపించే తెల్లటి తెరంతా మంచే అనుకుంటే పొరపాటే. అందులో పొగ వాటా కూడా ఉంటుంది.

ఒక్కో పొగగొట్టం.. ఒక్కో దశాబ్దం

ఈ గిన్నెను ఎవరూ ఒక్కరోజులో నింపలేదు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. అప్పట్లో ప్రధాన సరుకు మాంగనీసు ఖనిజం. 1941 జనాభా లెక్కల్లో పట్నం జనాభా ఇంచుమించు 70 వేలు. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1960ల్లో బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస మీదుగా రైలుమార్గం పడటంతో ఇనుప ఖనిజం రాక మొదలైంది. అదే దశాబ్దంలో ఎరువుల కర్మాగారం, 1970ల్లో జింకు కర్మాగారం, ఆ పక్కనే ఔటర్ హార్బర్.

1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2002లో పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. 2009లో గంగవరం రేవు వచ్చింది. 2011 లెక్కల నాటికి మహానగర జనాభా 17 లక్షలు దాటింది. వాహనాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇందులో ప్రతిదీ వేలమందికి అన్నం పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాలు ఈ కర్మాగారాల నీడనే స్థిరపడ్డాయి. పిల్లల్ని చదివించుకున్నాయి. కాబట్టి ‘ఫ్యాక్టరీలు వద్దు’ అనేస్తే తేలిపోయే వ్యవహారం కాదిది. ఆ జీతం మీద బతికే మనిషే ఆ గాలినీ పీలుస్తున్నాడు. అసలు ముడి అక్కడే ఉంది.

గుర్తున్నవి రెండు రోజులు

విశాఖవాసుల్ని గాలి గురించి అడిగితే రెండు తేదీలు చెబుతారు. మొదటిది 1997 సెప్టెంబరు 14. చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది చనిపోయారు. రెండోది 2020 మే 7. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే, పరుగెత్తినవాళ్లు దారిలోనే కుప్పకూలారు. 12 మంది ప్రాణాలు పోయాయి. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ రెండు రోజుల్నీ ఎవరూ మర్చిపోలేరు. మర్చిపోకూడదు కూడా. అయితే వాటికి విచారణలున్నాయి, నివేదికలున్నాయి, పరిహారాలున్నాయి. ముప్ఫై ఏళ్లపాటు రోజూ కాస్త కాస్తగా ఊపిరితిత్తుల్లో చేరిన ధూళికి ఇవేవీ లేవు. దాన్ని పట్టిచ్చేది ఒక్కటే.. ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్క.

ఏం తగ్గింది.. ఏం తగ్గలేదు?

ఆ లెక్కలో మంచి కబురు కూడా ఉంది. ముందు అదే చెప్పుకుందాం.

ఒకప్పుడు పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది పొగలో కలిసి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 1990ల మధ్య దాకా డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 వేల పాళ్ల వరకు ఉండేది. నిబంధనలు మెట్టుమెట్టుగా బిగించారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఇంధనం వచ్చేసరికి అది 10 పాళ్లకు దిగింది. అంటే వెయ్యో వంతు! గంధకం మండితే పుట్టే సల్ఫర్ డయాక్సైడ్ ఒకప్పుడు పారిశ్రామిక నగరాల్లో కళ్లు మండించేది. ఇప్పుడు విశాఖతో సహా మన నగరాల్లో దాని వార్షిక సగటు నిర్ణీత హద్దుకు లోపలే ఉంటోంది.

ఇది దానంతటదే జరగలేదు. కొలిచారు, హద్దు పెట్టారు, గడువు పెట్టారు, శుద్ధి కర్మాగారాల్లో వేల కోట్లు ఖర్చుపెట్టించారు. అందుకే తగ్గింది.

మరి ధూళి? అక్కడే కథ అడ్డం తిరిగింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే ‘తీవ్ర కాలుష్య ప్రాంతం’. అలా తేలిన 43 ప్రాంతాల్లో విశాఖపట్నం ఒకటి. మన పటాన్‌చెరు-బొల్లారం మరొకటి. 2010 జనవరిలో వాటిలో కొత్త పరిశ్రమల అనుమతులను కేంద్రం కొంతకాలం నిలిపేసింది కూడా. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టి మొదటి విడతలో 102 నగరాలను ఎంచుకున్నారు. 2011 నుంచి 2015 దాకా వరసగా ఐదేళ్లు గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలే వాటిలో ఎక్కువ. ఆ జాబితాలోనూ విశాఖ ఉంది. విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, హైదరాబాద్ కూడా ఉన్నాయి.

రేవులో ఏమీ చేయలేదని కాదు. బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లుతున్నారు, టార్పాలిన్లు కప్పుతున్నారు, యంత్రాలతో దించుతున్నారు, చెట్లు నాటారు. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో చెట్లను ఊచకోత కోసేసింది. ధూళిని ఆపే ఆకుల తెర ఒక్కరోజులో చిరిగిపోయింది. ఇటు రోడ్ల దుమ్ము, కట్టడాల దుమ్ము, లారీల పొగ ఎలాగూ ఉన్నాయి. గంధకం ఒక గొట్టం నుంచి వస్తుంది కాబట్టి ఆ గొట్టం దగ్గర పట్టుకోవచ్చు. ధూళి వంద దిక్కుల నుంచి వస్తుంది. రేవు, మున్సిపాలిటీ, రవాణా శాఖ, బిల్డర్.. అందరిదీ తలా ఒక చెయ్యి. అందుకే ఎవరి చెయ్యీ కనపడదు!

కొలబద్ద మారితే..

‘ఇరవై ఏళ్ల కిందటి కన్నా గాలి బాగుపడిందా?’ అనడిగితే సూటిగా సమాధానం చెప్పడానికి ఓ ఇబ్బంది ఉంది. మధ్యలో కొలబద్ద మారింది.

1994 ప్రమాణాల్లో గాలిలో తేలే మొత్తం ధూళికి ఒక హద్దు, పీఎం 10కు మరో హద్దు ఉండేవి. పైగా ఇళ్లున్న చోట ఏడాది సగటు పీఎం 10 ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతమైతే 120 దాకా ఫర్వాలేదు! ఫ్యాక్టరీ గోడ పక్కన కాపురమున్నవాడి ఊపిరితిత్తులు రెట్టింపు దుమ్ము తట్టుకుంటాయన్నట్టు. 2009 నవంబరులో ఈ తేడా ఎత్తేశారు. ఎక్కడైనా 60 దాటకూడదన్నారు. మొత్తం ధూళి లెక్కను పక్కనపెట్టి, పీఎం 2.5కు తొలిసారి హద్దు పెట్టారు. ఏడాది సగటు 40. కాబట్టి 2009కి ముందున్న మొత్తం ధూళి అంకెను, ఇప్పటి పీఎం 10 అంకెను పక్కపక్కన పెట్టి ‘తగ్గింది చూశారా’ అంటే నమ్మకండి. అది శేర్లను కిలోలతో పోల్చడమే.

కొలిచే తీరులోనూ తేడాలున్నాయి. పాత పద్ధతిలో తూకం వేసిన వడపోత కాగితాన్ని యంత్రంలో పెట్టి దాని గుండా గాలిని లాగుతారు. తర్వాత మళ్లీ తూకం వేస్తారు. పెరిగిన బరువే దుమ్ము. వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు. మిగతా 261 రోజుల సంగతి ఆ కాగితానికి తెలీదు. కొత్త పద్ధతిలో యంత్రం రాత్రింబవళ్లు తానే కొలిచి అంకెల్ని ఆన్‌లైన్‌లో పెట్టేస్తుంది. విశాఖలో రామ్‌నగర్‌లోని నగరపాలక సంస్థ దగ్గర అలాంటి కేంద్రం ఉంది. మింది, జ్ఞానాపురం, పోలీస్ బ్యారక్స్ వంటి చోట్ల పాత పద్ధతి కేంద్రాలు పనిచేస్తూ వచ్చాయి. మన ఫోన్‌లో కనిపించేది యంత్రం అంకె. కిటికీ చువ్వ ఎర్రబడేది రేవు పక్కన. రెండూ ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

‘సంతృప్తికరం’ అంటే?

2015 నుంచి రోజూ గాలి నాణ్యత సూచీ వస్తోంది. ఏక్యూఐ అంటున్నాం కదా, అదే. 50 లోపు ‘బాగుంది’. 100 లోపు ‘సంతృప్తికరం’. ఆకుపచ్చ రంగు చూసి హమ్మయ్య అనుకుంటాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఊళ్లో ఏడాది పొడవునా, ప్రతిరోజూ, పీఎం 2.5 సరిగ్గా 55 ఉందనుకోండి. రోజువారీ హద్దు 60 కాబట్టి సూచీ 365 రోజులూ ‘సంతృప్తికరం’ అనే చెబుతుంది. ఏడాది సగటు మాత్రం 55. మన దేశ వార్షిక హద్దు 40. అంటే రోజూ పాసైన ఊరు ఏడాది చివర తప్పింది! ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక హద్దు 5. దాంతో పోలిస్తే పదకొండు రెట్లు.

రోజువారీ సూచీ పనికిరాదని కాదు. ఉబ్బసం ఉన్న తాతగారిని ఈ ఉదయం నడకకు పంపాలా వద్దా అన్నదానికి అది ఉపయోగమే. పదేళ్ల మనవడి ఊపిరితిత్తులు పాతికేళ్లకు ఎలా ఉంటాయన్నది తేల్చేది మాత్రం ఏడాది సగటు. అది ఏ పేపర్లోనూ రోజూ రాదు.

ఇంకో గిన్నె.. ఇంకో కథ

కొండలు, సముద్రం, మధ్యలో పొగ. ఈ వర్ణన అమెరికాలో లాస్‌ఏంజెలెస్‌కూ అచ్చంగా సరిపోతుంది. 1950ల్లో అక్కడ పట్టపగలే దారి కనపడనంత పొగ ఉండేది. తర్వాత దశాబ్దాల పాటు వాహనాలు, ఇంధనం, రేవు లారీలు.. ఒక్కోదాని మీద నిబంధనలు బిగిస్తూ వచ్చారు.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రాంతంలో మూడు తరాల బడిపిల్లల ఊపిరితిత్తులను కొలిచారు. 1994-98, 1997-2001, 2007-11 మధ్య 11 నుంచి 15 ఏళ్లకు ఎదిగిన పిల్లలు వాళ్లు. గట్టిగా ఊదించి, ఒక సెకనులో ఎంత గాలి వదలగలరో చూశారు. పదిహేనేళ్లకు ఊపిరితిత్తుల శక్తి ఉండాల్సినదానికన్నా బాగా తక్కువున్న పిల్లలు మొదటి జట్టులో 7.9 శాతం. రెండో జట్టులో 6.3 శాతం. మూడో జట్టులో 3.6 శాతమే! 2015లో వెలువడిన ఫలితమిది. ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గినకొద్దీ పిల్లల ఊపిరితిత్తులు మరింత బాగా ఎదిగాయని తేలింది.

ఇందులో మనకు పనికొచ్చే ముక్కలు రెండు. ఒకటి, గాలి బాగుపడితే ఫలితం మన పిల్లల్లోనే కనపడుతుంది, మునిమనవల దాకా ఆగక్కర్లేదు. రెండు, ఒకే ప్రాంతంలో ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో కొలవబట్టే ఆ సంగతి తెలిసింది. మధ్యలో మానేసి ఉంటే, పిల్లలు బాగుపడ్డా ఎందుకు బాగుపడ్డారో ఎవరికీ తెలిసేది కాదు.

స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన నగరాలకూ లక్ష్యాలు పెట్టారు. 2017తో పోలిస్తే 2024 నాటికి ధూళి 20 నుంచి 30 శాతం తగ్గాలని మొదట అన్నారు. తర్వాత దాన్ని 2025-26కి 40 శాతం చేశారు. పది లక్షలు దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం నిధులూ కేటాయించారు. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే వాహనాలు వచ్చాయి. అయితే ఫలితాన్ని కొలిచింది ప్రధానంగా పీఎం 10తోనే. ఊపిరితిత్తుల అడుగుకు చేరే పీఎం 2.5 వాహనాల పొగ నుంచీ, బొగ్గు మండే చోట నుంచీ ఎక్కువగా వస్తుంది. రోడ్డు ఊడిస్తే అది పోదు.

క్యాలెండర్ మీద ఇంకో అంకె

మరి మనమేం చేయగలం? చాలా ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద పాలలెక్క ఉంటుంది. ఏ రోజు అర లీటరు, ఏ రోజు నాగా, గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది.. అన్నీ రాసిపెడతాం. నెలాఖరున పాలబ్బాయి ఒక రోజు ఎక్కువ చెబితే క్యాలెండర్ చూపించి మరీ అడుగుతాం. రాసుకున్నవాడికే అడిగే ధైర్యం ఉంటుంది.

అదే గడిలో ఇంకో అంకె చేర్చండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో గానీ, ‘సమీర్’ యాప్‌లో గానీ మీకు దగ్గర్లోని కేంద్రం రీడింగ్ దొరుకుతుంది. సూచీ అంకెతోపాటు పీఎం 2.5 అంకె కూడా రాయండి. హైస్కూల్లో చదివే పిల్లలుంటే ఈ పని వాళ్లకే అప్పజెప్పండి. నెల సగటు కట్టడం వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్న పాఠమే.

పోల్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. డిసెంబరును జులైతో పోల్చకూడదు. వాన పడితే గాలి ఎలాగూ కడిగినట్టవుతుంది. డిసెంబరును పోయినేడు డిసెంబరుతోనే పోల్చాలి. ఒక్క ఏడాది తగ్గితే వానలు బాగా పడ్డాయనుకోవచ్చు. నాలుగైదేళ్లు వరసగా తగ్గితేనే నిజంగా తగ్గినట్టు.

మీ పేటలో కేంద్రమే లేకపోతే? అది కూడా సమాధానమే. ‘మా వార్డులో గాలి ఎందుకు కొలవడం లేదు?’ అన్నది కార్పొరేటర్‌ను అడగాల్సిన ప్రశ్న. ‘మా దగ్గరి కేంద్రంలో గత పదేళ్ల వార్షిక సగటు ఎంత?’ అన్నది కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో పంపదగ్గ ప్రశ్న. కుళాయి నీళ్లు రంగు మారితే బిందెలతో రోడ్డెక్కుతాం. రోడ్డు గుంత పడితే ఫొటో తీసి పంపుతాం. వాటికి సమాధానం చెప్పేవాళ్లు ఉన్నారంటే, ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాం కాబట్టే.

పెట్రోల్‌లో సీసం పోయింది. డీజిల్‌లో గంధకం వెయ్యో వంతుకు దిగింది. అంకె రాసి, హద్దు గీసి, గడువు పెట్టినవన్నీ తగ్గాయి. జ్ఞానాపురం కిటికీ మీది దుమ్ముకూ అదే దారి.